పాత లారీ ఈసీఎం మార్చడం: ముందు పరీక్షలు, తర్వాత పానా

"బోర్డు పోయిందంటున్నరు, కొత్తది ఎయ్యాల్నా?" భూపాలపల్లి బొగ్గు లారీలు, కరీంనగర్ గ్రానైట్ లారీలు, ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తోలే బండ్ల యజమానులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. ఇంజిన్‌ను నడిపించే ఈ కంప్యూటర్ పెట్టెను, అంటే ఈసీఎంను, విప్పి కొత్తది బిగించడం అరగంట పని. అసలు మార్చాలా వద్దా తేల్చడానికే ఒక పూట పడుతుంది. ఆ పూట మిగుల్చుకుందామని చూసినవాళ్లే కొత్త పెట్టె వేశాక కూడా అదే లైటు వెలుగుతోందని తలపట్టుకుంటారు.

కింద చెప్పిన కొలతలు 24 వోల్టుల లారీలవి. 12 వోల్టుల పికప్పులకు స్కానర్ సాకెట్, చావీల దగ్గరి తేడాలే విడిగా చెప్పాం. మల్టీమీటర్ పట్టుకోవడం వచ్చిన వైరింగ్ మిస్త్రీ ఈ పరీక్షలన్నీ చేయగలడు. ప్రోగ్రామింగ్ దగ్గర మాత్రం ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్నవాళ్లు కావాలి.

1. మీ బండిలో ఈసీఎం ఉందా?

నవ్వకండి. ఇన్‌లైన్ పంపుతో నడిచే పాత బీఎస్-3 (పొగ నియంత్రణ ప్రమాణం) లారీలో డీజిల్‌ను పంపే కొలుస్తుంది, కంప్యూటర్ కాదు. అలాంటి బండికి కూడా బోర్డు పోయిందని బేరం పెట్టినవాళ్లున్నారు. కామన్ రైల్ ఇంజిన్ (అన్ని ఇంజక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది) అయితే ఈసీఎం ఖాయం. దేశమంతా బీఎస్-4 అమల్లోకి వచ్చిన 2017 ఏప్రిల్ 1 తర్వాత తయారైన లారీల్లో ఎక్కువ భాగం కామన్ రైలే.

పెట్టె రెండు చోట్ల ఉండొచ్చు. కమ్మిన్స్ ఐఎస్‌బీఈ ఇంజిన్లలో బ్లాకు ఎడమ పక్కనే బోల్టులతో బిగించి ఉంటుంది. కొన్ని లారీల్లో క్యాబిన్ లోపల, డ్యాష్‌బోర్డు వెనకో క్లీనర్ సీటు కిందో ఉంటుంది. ఇంజిన్ మీదున్న పెట్టెకు వేడి, అదురు ఎక్కువ. క్యాబిన్ పెట్టెకు నీళ్లు, ఎలుకలు ఎక్కువ. వెతుకులాట మొదలుపెట్టేటప్పుడు ఇది గుర్తుంటే చాలు, సగం పని తగ్గుతుంది.

2. పెట్టె పోయినట్టు కనిపించే ఇతర జబ్బులు

అత్త మీది కోపం దుత్త మీద చూపినట్టు, ఎక్కడి తప్పయినా చివరికి ఈసీఎం మీదికే తోస్తారు. ఏ లక్షణానికి ముందు ఎవరిని అనుమానించాలో చూడండి.

- చావి తిప్పితే చెక్ ఇంజిన్ లైటు అసలు వెలగదు: ఫ్యూజు, మెయిన్ రిలే, పెట్టెకు వచ్చే కరెంటు. ఆ తర్వాతే పెట్టె.
- స్కానర్ పలకదు: స్కానర్ సాకెట్‌కు కరెంటు వస్తోందా, క్యాన్ వైర్లు (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) బాగున్నాయా చూడాలి.
- సంబంధం లేని నాలుగైదు సెన్సార్ల కోడ్లు (స్కానర్ చూపే లోపం నంబర్లు) ఒకేసారి వస్తాయి: 5 వోల్టుల లైను షార్టయింది, లేదా ఎర్త్ వదులైంది.
- వేడెక్కితే ఆగిపోతుంది, చల్లారాక స్టార్టవుతుంది: ముందు క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరుగుడును పెట్టెకు చెప్పేది). పెట్టె లోపల టంకం చీలినా ఇలాగే ఉంటుంది, కానీ సెన్సార్ చవక, పెట్టె ఖరీదు.
- ఒకే సిలిండర్ ఎప్పుడూ పనిచేయదు: ఇంజక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది), దాని వైరు, పెట్టెలోని డ్రైవర్ (ఇంజక్టర్‌కు కరెంటు పంపే భాగం), ఈ మూడింటిలో ఒకటి.
- పికప్ తగ్గి బండి ఓ వేగం దాటదు: ఇది చాలాసార్లు లింప్ మోడ్, అంటే ఇంజిన్‌ను కాపాడుకోడానికి పెట్టే పవర్ తగ్గించడం. డీజిల్ ఫిల్టర్, టర్బో పైపు, ఆడ్‌బ్లూ (పొగలోని విషాన్ని తగ్గించే ద్రవం) వ్యవస్థ చూసి రండి.

ఒకే సిలిండర్ సమస్యకు తేలికైన పరీక్ష ఉంది. ఆ ఇంజక్టర్‌ను పక్క సిలిండర్‌కు మార్చండి. కోడ్ కూడా దాంతోపాటే పక్క సిలిండర్‌కు వెళ్తే ఇంజక్టర్‌దే తప్పు. కోడ్ పాత చోటే ఉంటే వైరు, లేదా పెట్టె. ఇంజక్టర్లకు (ఒక్కోదాని తేడాను పెట్టెకు చెప్పే) కోడ్ నంబర్లున్న ఇంజిన్ అయితే పరీక్ష అయ్యాక దేని చోటికి దాన్ని తిరిగి చేర్చండి.

3. చేతిలో ఉండాల్సినవి

☐ డిజిటల్ మల్టీమీటర్ (10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్నది)
☐ 24 వోల్టుల 21 వాట్ల బల్బు, హోల్డర్, రెండు పొడుగు వైర్లు
☐ కప్లర్ (వైరింగ్‌ను పెట్టెకు కలిపే ప్లగ్గు) వెనక నుంచి దూర్చడానికి సన్నని పిన్నులు
☐ ఆ బండికి చెందిన వైరింగ్ బొమ్మ, పిన్ నంబర్లతో
☐ ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్, మెత్తని బ్రష్
☐ మీ ఇంజిన్ డేటాను పూర్తిగా చదివే స్కానర్
☐ ప్రోగ్రామింగ్ సమయంలో వోల్టేజీని నిలకడగా ఉంచే 24 వోల్టుల సప్లై
☐ టార్క్ రెంచి, క్రింపింగ్ టూల్, వేడికి ముడుచుకునే స్లీవ్

టెస్టర్ బల్బును పట్టుకుని ఈసీఎం కప్లర్‌లో ఎక్కడ పడితే అక్కడ గుచ్చే అలవాటుంటే ఈ పనికి దాన్ని పక్కన పెట్టండి. బల్బు లాగే కరెంటుకు సెన్సార్ లైన్లు తట్టుకోలేవు. 21 వాట్ల బల్బు కప్లర్ ఊడదీసి పవర్ పిన్నులను పరీక్షించడానికి మాత్రమే. ముందువైపు నుంచి లావు ప్రోబ్ దూరిస్తే పిన్ను వెడల్పై, రేపు అదే కొత్త జబ్బవుతుంది.

4. బ్యాటరీ, డైనమో పరీక్ష

ఒక్కో బ్యాటరీని విడిగా కొలవండి. రాత్రంతా నిలిచిన నిండు బ్యాటరీ 12.6 వోల్టులు, రెండూ కలిపి 25.2 వోల్టులు చూపాలి. రెంటి మధ్య తేడా 0.2 వోల్టులు దాటితే ఒకటి నీరసించింది.

ఇక్కడ మన దగ్గరి లారీల్లో కనిపించే చేటు ఒకటుంది. పాటల పెట్టెకో, ఫోన్ చార్జింగ్‌కో ఒక్క బ్యాటరీ నుంచే 12 వోల్టులు లాగుతారు. ఆ బ్యాటరీ రోజూ ఖాళీ అవుతుంది, రెండోది అతిగా చార్జవుతుంది. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ కుప్పకూలి ఈసీఎం రీసెట్ అవుతుంది. ఆ వైరు తీసేసి 24 నుంచి 12 వోల్టులకు మార్చే కన్వర్టర్ పెట్టించండి.

సెల్ఫ్ కొడుతున్నప్పుడు మొత్తం వోల్టేజీ 18 కన్నా దిగకూడదు. ఇంజిన్ నడుస్తుండగా 27.5 నుంచి 28.5 మధ్య ఉండాలి. తర్వాత మీటర్‌ను ఏసీ వోల్టులకు మార్చి బ్యాటరీ మీదే చూడండి. 0.5 వోల్టులు దాటితే డైనమో డయోడ్ పోయింది. అలాంటి డైనమో కొత్త పెట్టెను కూడా తినేస్తుంది.

5. కరెంటు, ఎర్త్: అసలు తప్పు ఎక్కువగా దొరికేది ఇక్కడే

చావి ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఈసీఎం కప్లర్ ఊడదీయండి. మళ్లీ బ్యాటరీ కలిపి, వైరింగ్ బొమ్మలో నేరుగా బ్యాటరీ నుంచి వచ్చే పిన్నులు, చావితో వచ్చే పిన్ను, ఎర్త్ పిన్నులు గుర్తించండి. కరెంటు పిన్నులు రెండు మూడుంటాయి, ఎర్త్‌లు కూడా అంతే. ప్రతి ఒక్కటీ విడిగా చూడాలి.

మీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు. వైరులో ఇరవై పోగులుండి పంతొమ్మిది తెగినా మీటర్ 24 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ దాదాపు కరెంటు లాగదు. అందుకే బల్బు. కరెంటు పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య 21 వాట్ల బల్బు పెడితే అది సుమారు 0.9 ఆంపియర్లు లాగుతుంది. బల్బు నిండుగా వెలగాలి. అది వెలుగుతుండగా దాని రెండు కొసల మధ్య వోల్టేజీ, బ్యాటరీ వోల్టేజీ కన్నా 0.5 మించి తగ్గకూడదు. బల్బు మసకగా వెలిగిందంటే పెట్టె మాట మరిచిపోయి ఆ వైరు వెంట నడవండి. ఫ్యూజు బాక్సు కాళ్లు, మెయిన్ రిలే, బ్యాటరీ టెర్మినల్ దగ్గరి చిన్న వైరు, ఈ వరసలో.

ఎర్త్ పరీక్షకు కప్లర్ మళ్లీ పెట్టి (ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, పెట్టాక మళ్లీ కలిపి), వెనక నుంచి సన్నని పిన్ను దూర్చండి. మీటర్ నల్ల వైరు బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర వైరు ఈసీఎం ఎర్త్ పిన్ను మీద ఉంచి సెల్ఫ్ కొట్టించండి. 0.1 వోల్టు వస్తే బంగారం. 0.2 దాటితే ఎర్త్ బాగోలేదు. ఇంజిన్‌కూ చాసీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ తుప్పు పట్టిందేమో చూడండి. గ్రానైట్ దుమ్ము, వానాకాలపు బురద కలిసి ఆ బోల్టు కింద గట్టి పొరలా పేరుకుంటాయి. బోల్టు విప్పి, లోహం మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాయండి. పెయింటు మీద బిగిస్తే ఎర్త్ కాదు.

6. ఐదు వోల్టుల లైను

సెన్సార్లకు ఈసీఎం 5 వోల్టులు పంపుతుంది. ఒక్క సెన్సార్ లోపల షార్టయినా ఆ లైను మీదున్నవన్నీ మూగబోతాయి. స్కానర్‌లో చెట్టంత కోడ్ల చిట్టా కనిపిస్తుంది. చూసినవాళ్లకు పెట్టె చచ్చిపోయిందనిపిస్తుంది.

చావి ఆన్‌లో ఉంచి, ఏదైనా ఒత్తిడి సెన్సార్ కప్లర్ తీసి కొలవండి. 4.9 నుంచి 5.1 మధ్య రావాలి. రెండు మూడు వోల్టులే వస్తే సెన్సార్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ మీటర్ చూస్తూ ఉండండి. ఏది తీయగానే 5 వోల్టులు తిరిగొచ్చిందో అదే దొంగ. ఎక్సలేటర్ పెడల్‌ను మరచిపోవద్దు, దానికీ ఇదే లైను ఉంటుంది.

అన్నీ తీసినా లైను లేవకపోతే బ్యాటరీ తీసి, ఈసీఎం కప్లర్ ఊడదీసి, ఆ వైరుకూ చాసీకీ మధ్య ఓమ్‌లు చూడండి. తక్కువ ఓమ్‌లొస్తే వైరు ఎక్కడో ఒరుసుకుని చాసీకి తగులుతోంది. వైరు శుభ్రంగా ఉంటే, అప్పుడు పెట్టె మీద నిజమైన అనుమానం మొదలైనట్టు.

7. క్యాన్ వైర్లు

లారీల్లోని 9 పిన్నుల గుండ్రటి స్కానర్ సాకెట్‌లో ఏ ఎర్త్, బి బ్యాటరీ, సి క్యాన్ హై, డి క్యాన్ లో. పికప్పుల 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 నంబర్లవి క్యాన్, 16 బ్యాటరీ, 4, 5 ఎర్త్.

బ్యాటరీ తీసేసి క్యాన్ పిన్నులు రెంటి మధ్య ఓమ్‌లు కొలవండి.

- 60 ఓమ్‌లు: బాగుంది. రెండు కొసల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉన్నాయి.
- 120 ఓమ్‌లు: ఒక కొస తెగింది, లేదా ఒక రెసిస్టర్ పోయింది.
- 40 ఓమ్‌లు: ఎవరో మూడో రెసిస్టర్ కలిపారు. జీపీఎస్ పరికరం బిగించినప్పుడు ఇలా జరగొచ్చు.
- సున్నా దగ్గర: వైర్లు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి.

కొన్ని బండ్లలో ఒక రెసిస్టర్ ఈసీఎం లోపలే ఉంటుంది. అందుకే ఈ కొలత పెట్టె కప్లర్ పెట్టి ఉన్నప్పుడే తీయాలి.

8. కప్లర్‌ను కళ్లతో చదవడం

కప్లర్‌ను వెలుతురులో పట్టుకుని చూడండి. పచ్చటి పొర ఉంటే నీళ్లొచ్చాయి. నూనె జిగురు ఉంటే ఇంకో రకం తంటా: ఆయిల్ ప్రెషర్ సెన్సార్ లోపల కారిన నూనె, రాగి పోగుల వెంట మెల్లగా పాకి పెట్టె దాకా వస్తుంది. కప్లర్ తుడిచి ఊరుకుంటే నెలకు మళ్లీ వస్తుంది. సెన్సార్ మార్చాలి, ఆ వైరును కప్లర్ దగ్గర కొత్తది వేయాలి.

ధాన్యం, మొక్కజొన్న తోలే బండ్లలో వైరింగ్ మీద పళ్ల గాట్లు వెతకండి. ఎలుక ముందు క్యాబిన్ కింది మూలలు పట్టుకుంటుంది. టేపు చుట్టేసిన పాత అతుకుల్ని విప్పి చూడటం కూడా ఇప్పుడే.

2023 జూలై చివర్లో భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగినప్పటిలాంటి వరదలో మునిగిన బండి అయితే ఈ పరీక్షలేవీ చేయకుండా ముందు బ్యాటరీ తీసేయండి. తడి పెట్టెకు కరెంటిస్తే లోపల రాగి కరిగిపోవడం మొదలవుతుంది. ఎండలో పెట్టి ఆరబెట్టాక చావి తిప్పి చూద్దామనుకోవద్దు. విప్పి, శుభ్రం చేసి, బోర్డు చూడగలిగిన రిపేరు మిస్త్రీ దగ్గరికి అలాగే పంపండి.

9. పాతది ఎందుకు పోయింది?

ఈ ప్రశ్నకు జవాబు దొరక్క ముందు కొత్తది కొనొద్దు. కింది వాటిలో ఏది జరిగిందో డ్రైవర్‌ను, క్లీనర్‌ను నిదానంగా అడగండి. కోప్పడితే నిజం చెప్పరు.

- బ్యాటరీ తీయకుండా బాడీకి వెల్డింగ్ పెట్టారా? టిప్పర్ల తొట్టె అతుకులప్పుడు ఇది మామూలే. వెల్డింగ్ ఎర్త్ దూరంగా పెడితే ఆ కరెంటు పెట్టె ఎర్త్ గుండా దారి వెతుక్కుంటుంది. బ్యాటరీ తీసి, ఈసీఎం కప్లర్ ఊడదీసి, వెల్డింగ్ ఎర్త్‌ను అతుకు పక్కనే పెట్టాలి.
- జంపర్ వైర్లు తిరగేసి పెట్టారా?
- ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీశారా? డైనమో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి పెట్టెను కొడుతుంది.
- సర్వీసింగ్‌లో ప్రెషర్ పంపుతో పెట్టె మీద నేరుగా నీళ్లు కొట్టారా?
- ఇంజక్టర్ వైరు చాసీకి తగిలిందా? కప్లర్ తీసి కొలిస్తే ఇంజక్టర్ రెండు కాళ్ల మధ్య చాలా సోలినాయిడ్ ఇంజక్టర్లలో ఒక ఓమ్ కన్నా తక్కువే వస్తుంది. కానీ కాలికీ ఇంజిన్ లోహానికీ మధ్య అసలు లింకు ఉండకూడదు.

చివరిది ముఖ్యం. షార్టయిన ఇంజక్టర్ వైరు మీద కొత్త పెట్టె పెడితే దాని డ్రైవర్ మొదటి స్టార్టింగ్‌లోనే పోవచ్చు.

10. రిపేరా, కొత్తదా, స్క్రాప్‌లోదా?

మా లెక్క ప్రకారం మొదటి చాయిస్ మీ పెట్టెనే రిపేరు చేయించడం. డ్రైవరో, కెపాసిటరో, టంకమో పోతే డేటా లోపల భద్రంగానే ఉంటుంది. ఇంజక్టర్ కోడ్లు, చాసీ నంబరు ఏవీ మళ్లీ ఎక్కించక్కర్లేదు. బోర్డు కాలి బొగ్గయితేనో, లోపల పొరలు తుప్పు తిన్నాయంటేనో కొత్తది.

కొత్తది డీలర్ దగ్గర తీసుకుంటే చాసీ నంబరు, ఇంజిన్ నంబరు ఇచ్చి, ప్రోగ్రామింగ్‌తో కలిపి ధర అడగండి. ఖాళీ పెట్టె ధర చెప్పి తర్వాత ప్రోగ్రామింగ్‌కు వేరే అనడం మామూలే.

స్క్రాప్‌లో దొరికే పెట్టెతో జాగ్రత్త. వరంగల్ ఆటోనగర్‌లో అయినా హైదరాబాద్‌లో అయినా, చూడ్డానికి అచ్చు అదే పెట్టె అంటే చాలదు. కింది నాలుగూ కలవాలి:

☐ లేబుల్ మీది హార్డ్‌వేర్ నంబరు, చివరి అక్షరం దాకా
☐ సాఫ్ట్‌వేర్ లేదా క్యాలిబ్రేషన్ నంబరు, లేదా దాన్ని మార్చగలిగే మనిషి
☐ వోల్టేజీ: 24 వోల్టుల బండికి 24 వోల్టులదే
☐ ఇంజిన్ మోడల్, హార్స్‌పవర్ (ఒకే ఇంజిన్ రెండు పవర్లలో వస్తుంది)

పనిచేయకపోతే ఎన్ని రోజుల్లో వాపసు అన్నది బిల్లు మీద రాయించుకోండి. నోటి మాట చెల్లదు.

ఇంకొక మాట. ఆడ్‌బ్లూ ఆఫ్ చేసిన ఫైలు ఎక్కించి ఇస్తామనేవాళ్లు తగులుతారు. వద్దు. వేగ పరిమితి తీసేస్తామన్నా వద్దు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 118 కింద 2015 అక్టోబర్ 1 నుంచి తయారైన చాలా లారీలకు గంటకు 80 కిలోమీటర్ల పరిమితి ఉంది, డంపర్లకూ ట్యాంకర్లకూ 60. ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర ఆ మార్పు బయటపడితే పెట్టె మళ్లీ మార్చాలి.

11. విప్పే ముందు డేటా తీసుకోవడం

పాత పెట్టె ఇంకా స్కానర్‌తో మాట్లాడుతోందంటే అది అదృష్టం. ఈ రోజే వాడుకోండి. రేపు అది పలకకపోవచ్చు.

☐ కోడ్లన్నీ, అవి వచ్చినప్పటి కొలతలతో సహా సేవ్ చేయాలి
☐ చాసీ నంబరు, ఇంజిన్ నంబరు, సాఫ్ట్‌వేర్ నంబరు
☐ ఇంజక్టర్ కోడ్లు, ఏ సిలిండర్‌కు ఏది
☐ వేగ పరిమితి, టైరు చుట్టుకొలత, వెనక యాక్సిల్ నిష్పత్తి
☐ పీటీఓ (ఇంజిన్ బలంతో తొట్టె, పంపు నడిపించే అమరిక) సెట్టింగులు (టిప్పర్లకు, ట్యాంకర్లకు తప్పనిసరి)
☐ ఐడిల్ ఆర్‌పీఎం, ఇంజిన్ గంటలు, కిలోమీటర్లు
☐ పికప్పుల్లో ఇమ్మొబిలైజర్ (సొంత చావి అయితేనే ఇంజిన్‌ను నడవనిచ్చే తాళం) పిన్ నంబరు, ఉన్న చావీలన్నీ

వీటిని కంప్యూటర్‌లోనే కాదు, ఫోన్‌లో ఫొటోలుగా కూడా ఉంచండి. పెట్టె పలకడం లేదా? బోర్డు రిపేరు చేసేవాళ్లు మెమరీ చిప్ నుంచి నేరుగా చదివి కొత్త పెట్టెలోకి మార్చగలరు. అదీ కుదరకపోతే ఇంజక్టర్ కోడ్లను ఇంజక్టర్ల తల మీద చూసి రాసుకోవాలి. కొన్ని ఇంజిన్లకు అందుకోసం వాల్వ్ కవర్ తీయాలి. సున్నాకూ ఓ అక్షరానికీ, ఎనిమిదికీ బి అక్షరానికీ తేడా చూసుకుంటూ ఇద్దరు చదివి సరిపోల్చుకోండి.

12. విప్పడం

ఎండాకాలం రామగుండం ప్రాంతంలో మధ్యాహ్నం ఇంజిన్ మీది పెట్టెను చేత్తో పట్టుకోలేరు. పొద్దున్నే మొదలుపెట్టండి.

చావి ఆపాక వెంటనే బ్యాటరీ తీయొద్దు. ఆడ్‌బ్లూ ఉన్న లారీలో పైపుల్లోని ద్రవాన్ని వెనక్కి లాగే పంపు ఇంకా కాసేపు నడుస్తుంది, ఈసీఎం తన లెక్కలు రాసుకుంటుంది. కనీసం 2 నిమిషాలాగండి. తర్వాత నెగటివ్ టెర్మినల్ ముందు, పాజిటివ్ తర్వాత. మరో 5 నిమిషాలు వదిలేయండి, లోపలి కెపాసిటర్లు ఖాళీ అవుతాయి.

కప్లర్ చుట్టూ దుమ్మును పొడి గాలితో ఊదండి, నీళ్లొద్దు. ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోయేలా చాసీ లోహాన్ని ఒకసారి చేత్తో తాకి, లివర్ లాక్ తీసి, కప్లర్‌ను నిటారుగా లాగండి. పక్కకు వంచితే పిన్నులు వంగుతాయి. బోల్టులు విప్పేటప్పుడు రబ్బరు బుష్‌లు, ఎర్త్ పట్టీ ఎక్కడివో ఫొటో తీసి పెట్టుకోండి. కొత్త పెట్టెతో ఇవి రావు.

13. బిగించడం

పాత, కొత్త పెట్టెలను పక్కపక్కన పెట్టి లేబుల్ నంబర్లు మళ్లీ చదవండి. కప్లర్‌లో ప్రతి పిన్ను నిటారుగా ఉందా, రబ్బరు సీలు చోటులోనే ఉందా చూడండి. కాంటాక్ట్ క్లీనర్ కొడితే 10 నిమిషాలు ఆరనివ్వండి.

రబ్బరు బుష్‌లు చీలి ఉంటే కొత్తవి వేయాల్సిందే. బుష్ లేకుండా నేరుగా బ్లాకుకు బిగిస్తే అదురుకు టంకం చీలుతుంది. బోల్టులు మాన్యువల్ చెప్పిన టార్క్‌కే. కప్లర్ మధ్యలో చిన్న బోల్టుంటే దాన్ని మోటు బలంతో బిగించొద్దు, ప్లాస్టిక్ పగులుతుంది.

కప్లర్ చుట్టూ సిలికాన్ పూయడం మన దగ్గర బాగా అలవాటు. లోపలికి వచ్చిన తడి బయటికి పోకుండా అదే ఆపుతుంది. దాని బదులు వైరింగ్‌ను కప్లర్ కన్నా కిందికి ఒక వంపు తిప్పి కట్టండి, నీళ్లు ఆ వంపు దగ్గరే జారిపోతాయి.

బ్యాటరీ పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

14. ప్రోగ్రామింగ్ వరస

కరెంటు పోయే వేళలో ఇది మొదలుపెట్టొద్దు. 24 వోల్టుల నిలకడ సప్లై పెట్టండి. బ్యాటరీ నింపే బూస్ట్ చార్జర్ వద్దు, దాని వోల్టేజీ ఎగిరెగిరి పడుతుంది. ల్యాప్‌టాప్ చార్జింగ్ నిండి ఉండాలి. లైట్లు, ఫ్యాను, మ్యూజిక్ అన్నీ ఆపండి.

(1) సాఫ్ట్‌వేర్, క్యాలిబ్రేషన్
(2) చాసీ నంబరు
(3) టైరు, యాక్సిల్, వేగ పరిమితి, పీటీఓ సెట్టింగులు
(4) ఇంజక్టర్ కోడ్లు
(5) ఇమ్మొబిలైజర్ ఉంటే చావీలు జత చేయడం
(6) చావి ఆపి ఒక నిమిషం ఆగడం
(7) చావి ఆన్, కోడ్లు చెరపడం, పెడల్ లెర్నింగ్ వంటివి

మధ్యలో ఆగిపోతే కంగారుపడి కప్లర్ లాగేయొద్దు, చావి ఆపొద్దు. వైరు, వోల్టేజీ చూసుకుని అదే చోటి నుంచి మళ్లీ ప్రయత్నించండి. చాలా పెట్టెలు రెండోసారికి తేరుకుంటాయి.

15. మొదటి స్టార్టింగ్

డీజిల్ లైనులో గాలి తీయండి. సెల్ఫ్‌ను ఒకసారికి 10 నుంచి 15 సెకన్లే, మధ్యలో ఒకట్రెండు నిమిషాల విరామం. స్కానర్‌లో రైల్ ప్రెషర్, క్రాంక్ ఆర్‌పీఎం చూస్తూ కొట్టించండి. ఆర్‌పీఎం సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సార్ లైను. ఆర్‌పీఎం ఉండి ప్రెషర్ సుమారు 150 నుంచి 250 బార్ మధ్యకు చేరకపోతే డీజిల్ వైపు లోపం, చాలా ఇంజిన్లు అంత ఒత్తిడి లేనిదే ఇంజక్టర్లను తెరవవు.

ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేసి సిలిండర్ వెతికే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఆ డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఇంజక్టర్ కప్లర్‌ను కూడా తాకొద్దు, పెట్టె అక్కడికి బ్యాటరీ కన్నా ఎక్కువ వోల్టేజీ పంపుతుంది.

స్టార్టయ్యాక 15 నిమిషాలు ఐడిల్‌లో వదిలి, కోడ్లు చూసి, ఖాళీ బండిని ములుగు రోడ్డు మీదో మరెక్కడో 20 కిలోమీటర్లు తిప్పండి. ఆ తర్వాతే లోడు. ఆదిలాబాద్ వైపు వెళ్లే బండయితే నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు పికప్ ఎలా ఉందో డ్రైవర్‌ను గమనించమనండి.

16. మళ్లీ మళ్లీ జరిగే పొరపాట్లు, వాటి మందు

స్టార్టయి రెండు సెకన్లలో ఆగుతుంది: ఇది పికప్పుల కథ, ఇమ్మొబిలైజర్ జత కాలేదు.

ఇంజిన్ గరగరమంటూ నల్ల పొగ: ఇంజక్టర్ కోడ్లు ఎక్కలేదు, లేదా రెండు సిలిండర్లవి తారుమారయ్యాయి.

స్పీడోమీటర్ తప్పు చూపుతుంది, బండి 60 దగ్గరే ఆగుతుంది: టైరు, యాక్సిల్ విలువలు వేరే బండివి మిగిలిపోయాయి.

తొట్టె లేవదు: పీటీఓ సెట్టింగు ఆన్ కాలేదు. హైడ్రాలిక్ మిస్త్రీని పిలవక ముందు ఇది చూడండి.

పాత కోడే తిరిగొచ్చింది: తప్పు పెట్టెలో లేదు. పైన అయిదో అంకె (కరెంటు, ఎర్త్) దగ్గరికి వెనక్కి వెళ్లండి.

పొద్దున్నే బ్యాటరీ డౌన్: చావి ఆపి అరగంటయ్యాక బ్యాటరీ నెగటివ్ లైనులో మీటర్ పెట్టి కరెంటు కొలవండి. 100 మిల్లీఆంపియర్లు దాటితే ఏదో నిద్రపోవడం లేదు. ఫ్యూజులు ఒక్కొక్కటి తీస్తూ వెతకాలి. జీపీఎస్ పరికరం తీసి చూడటం మొదటి పని.

17. తర్వాతి చెకింగులు

మూడో రోజు: కోడ్లు, ఎర్త్ బోల్టు బిగువు, కప్లర్ లాక్.

500 కిలోమీటర్లకు: డైనమో వోల్టేజీ, ఏసీ వోల్టుల పరీక్ష మళ్లీ, పెట్టె బోల్టులు.

తొలి వానలకు ముందు: కప్లర్ సీలు, వైరింగ్ వంపు, క్యాబిన్ కింద నీళ్లు నిలిచే చోట్లు.

బిల్లు, కొత్త పెట్టె నంబరు, సేవ్ చేసిన డేటా ఫైలు బండి కాగితాలతోపాటు ఉంచండి. మీటర్ బోర్డు కిలోమీటర్లకూ పెట్టెలోని లెక్కకూ తేడా వస్తే బండి అమ్మేటప్పుడు అడిగేది ఈ బిల్లే. పాత పెట్టెను కొత్తది కనీసం రెండు నెలలు సాఫీగా నడిచేదాకా పారేయొద్దు, డీలర్ ఎక్స్చేంజిలో తిరిగివ్వాల్సి ఉంటే తప్ప. డేటాలో ఏదో మర్చిపోయినట్టు అప్పుడు తెలుస్తుంది.